చిట్టెములో మిగిలిన ఇనుము: కెలమంగలము సీమ కొలుములనుండి విద్యుత్ కొలిమి వరకు

ముడిరాతిని కొలిమిలో కాచి ఇనుమును వేరు చేసిన పిమ్మట, నల్లగా గాజువలె గడ్డకట్టి మిగిలిపోవు మలమునకు తెలుగున చిట్టెమని పేరు. సంస్కృత వైద్యగ్రంథములు దీనినే కిట్టమనియు మండూరమనియు వ్యవహరించినవి. కన్నడమున ఇది కిట్ట; తమిళమున కిట్టం. కన్నడమున కివి యైనది తెలుగున చెవి యైనట్లే, కన్నడపు కిట్ట తెలుగున చిట్టెముగా వినబడుచున్నది. మూడు భాషలును ఒకే సంతవీధిలో వినబడు కెలమంగలము వంటి ఊరిలో ఈ పోలికను గుర్తించుటకు నిఘంటువు తెరువవలసిన పని యుండదు. నేటి పాఠ్యగ్రంథములలో లోహమలము అను క్రొత్తమాట ఉన్నది గాని, కొలిమి నెరిగినవారి మాట చిట్టెమే. ఈ వ్యాసమున ఆ మాటనే వాడుట యుక్తము.

చిట్టెము వ్యర్థమని సామాన్యముగా తలచుచుందురు. కాని అందులో లోహము మిగిలియున్నదని పూర్వులకును తెలియును. అది ఎందుకు మిగిలినది, ఎంత మిగిలినది, దానిని మరల రాబట్టు ఉపాయము ఎప్పుడు చేజిక్కినది అను మూడు ప్రశ్నలు ఈ సీమ చరిత్రతో గాఢముగా ముడిపడి యున్నవి. వీనిని విడదీసి చూడనందువలననే, మన ప్రాంతపు కమ్మపనివారు ఇనుమును దుబారా చేసిన అజ్ఞానులన్న అపవాదు పందొమ్మిదవ శతాబ్దపు పుస్తకములనుండి నేటివరకు చెల్లుబాటగుచున్నది.

పూర్వపు సేలము జిల్లాను తలఘాటు, బారామహలు, బాలాఘాటు అని మూడు భాగములుగా పేర్కొనెడివారు. కృష్ణగిరి బారామహలులోనిది, హోసూరు, దేంకణికోట, కెలమంగలములతో కూడిన ఎత్తైన పీఠభూమి బాలాఘాటు. 1792 సంధిలో బారామహలు టిప్పుసుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించెను. హోసూరు ప్రాంతము 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాతనే కంపెనీ వశమైనది. 1965లో సేలమునుండి ధర్మపురి జిల్లాయు, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి జిల్లాయు ఏర్పడినవి. కనుక పాత గ్రంథములలో సేలము ఇనుము, సేలము ఉక్కు అని కనబడిన చోట్ల నేటి సేలము పట్టణమును మాత్రమే తలపునకు తెచ్చుకొనుట పొరపాటగును.

ఈ సీమలో ఇనుము మిక్కిలి ప్రాచీనము. కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో జరిపిన త్రవ్వకముల నమూనాలను కాలపరీక్ష చేయగా, ఇనుము వాడిన పొరకు క్రీ. పూ. 2172 అను కాలము తేలినదని 2022 మే నెలలో తమిళనాడు శాసనసభలో ప్రకటించిరి. ఆ తరువాత తామ్రపర్ణీ తీరమునందలి శివగళైనుండి అంతకన్న పూర్వపు కాలము 2025లో ప్రకటింపబడినది. ఈ లెక్కలపై పండితుల చర్చ సాగుచున్నను, మన ప్రాంతపు ఇనుము అరువు తెచ్చుకొన్న విద్య కాదనుటకు ఇవి బలమైన ఆధారములు. ఉక్కు అను మన మాటయే వూట్జ్ అను రూపమున ఐరోపాకు పోయి, 1795లో లండను రాయల్ సొసైటీ పత్రికకు ఎక్కెను. తదుపరి కాలమున మైకేల్ ఫారడే వంటివాడు ఆ ఉక్కు మర్మము కనుగొనుటకు ఏండ్ల తరబడి ప్రయోగములు చేసెను.

ఇక పాత కొలిమి సంగతి. అది మట్టితో కట్టిన నిలువు గూడు. ఎత్తు మనిషి ఛాతీకి మించదు. క్రింద వెడల్పు, పైకి పోయినకొలది సన్నము. రెండు మేకతోలు తిత్తులు, వెదురు గొట్టములు, వాని కొనలకు మట్టిముక్కులు. ముడిరాతిని దంచి, చెరిగి లేదా కడిగి, పలుగును వీలైనంత తొలగించెడివారు. వానలకు కొట్టుకొనివచ్చి వాగుల యొడ్డున నిలిచిన నల్ల ఇసుకయు ముడిగా పనికివచ్చెడిది. కట్టెబొగ్గును ముడిని పొరలు పొరలుగా పోసి, మూడు నాలుగు గంటలు తిత్తులు ఊదినచో, అడుగున మెత్తని ఇనుపముద్ద యొకటి కూడుకొనును. ముందుభాగము పగులగొట్టి ముద్దను వెలికిలాగి, వేడి తగ్గకమునుపే సమ్మెటలతో మోదుదురు. ఆ దెబ్బలకు ముద్దలో చిక్కుకొన్న చిట్టెము పిండినట్లు కారిపోవును. ఈ మోదుట లేనిచో అది ఇనుము కాదు, ఇనుము కలిసిన రాయి మాత్రమే.

ఇందులో ఒక చిత్రమున్నది. ఆ ముద్ద కరగి ఏర్పడినది కాదు. ఇనుము కరగుటకు 1538 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. తోలుతిత్తితో ఊదిన మట్టికొలిమిలో సాధారణముగా 1200, 1250 డిగ్రీలకు మించదు. అనగా ఇనుము ఘనరూపముననే ముడినుండి వేరుపడినది. వేరుపడుటకు మలము మాత్రము కరగి జారిపోవలెను గదా? పలుగురాయి తనంతట తాను 1700 డిగ్రీలవరకు కరగదు. కాని ఇనుప ఆక్సైడు పలుగులోని సిలికాతో కలిసినచో 1200 డిగ్రీలకే కరగు చిట్టెము పుట్టును. దానిని రసాయనజ్ఞులు ఫయలైటు అందురు. శుద్ధమైన ఫయలైటులో నూటికి సుమారు 55 పాళ్లు ఇనుమే. పలుగును వదలించుకొనుటకు ఇనుములో కొంత పలుగునకు ముడుపు చెల్లించవలసి వచ్చినదన్నమాట. సున్నపురాయిని ద్రవకారిగా వాడి ఈ ముడుపు తగ్గించవచ్చును. అయితే సున్నపు చిట్టెము కరగుటకు ఇంకను హెచ్చు వేడి కావలెను. ఆ వేడి తోలుతిత్తికి అందదు. ఉన్న వేడితో చేయదగిన పనిని పాతకాలపువారు సరిగానే చేసిరి. వారి చేతిలో లేనిది తెలివి కాదు, వేడి.

ఎంత ఇనుము పోయినది? ఈస్టిండియా కంపెనీ కొలువులో సేలము జిల్లాలో పనిచేసిన జోసయ్యా మార్షల్ హీత్ ఈ విషయమున ముఖ్యసాక్షి. భారతీయ ఇనుము, ఉక్కులను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1839లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. సేలము ముడిరాతిలో అయస్కాంత శిల 48 పాళ్లు, పలుగు 52 పాళ్లు అనియు, ముడి బరువులో నూటికి 15 పాళ్లు కడ్డీ ఇనుముగా చేతికి వచ్చుననియు ఆయనయు నాటి ఇతర రచయితలును తెలిపిరి. అయస్కాంత శిలలో నూటికి 72 పాళ్లు ఇనుము గనుక, నూరు మణుగుల ముడిరాతిలో సుమారు 35 మణుగుల ఇనుముండవలెను. వచ్చినది 15. సగమునకు పైగా చిట్టెములోనికిని, సమ్మెటక్రింద రాలిన పొలుసులోనికిని పోయినది. కడిగి మేలుచేసిన ముడి లెక్కన చూచినచో నష్టము మరింత పెద్దది.

ఈ లెక్క చూచియే హీత్ పెద్ద కొలుములు పెట్టదలచెను. 1830లో పరంగిపేటలో ఇంగ్లీషు పద్ధతి పోతకొలిమిని నెలకొల్పెను. సేలము ముడిని పడవలపై అంతదూరము చేర్చవలసి వచ్చెను. సున్నము వాడుటచేత చిట్టెములో పోవు ఇనుము తగ్గెను. బొగ్గు కొరత మాత్రము వెంటాడెను. రాతిబొగ్గు లేదు. అడవిని నరికి చేసిన కట్టెబొగ్గే ఆధారము. పెద్దకొలిమి తన చుట్టుప్రక్కల అడవిని తానే తినివేయును; ఆపై బొగ్గు ప్రతి యేడు మరికొంత దూరమునుండి రావలెను. సంస్థ పేరు మారి, క్రొత్త పెట్టుబడులు వచ్చి, తిరువణ్ణామలై ప్రాంతమునను మలబారు తీరమున బేపూరునను కొలుములు వెలసినను, 1870వ దశకమునాటికి అంతయు అణగిపోయెను. పల్లెకొలిమి ఇనుమును పోగొట్టుకొన్నది, పెద్దకొలిమి అడవిని పోగొట్టుకొన్నది. రెంటిలో ఏది దుబారా యని హీత్ కాలపు రచయితలెవ్వరును అడుగలేదు, అడిగియుండవలసినది.

హీత్ కథ అంతటితో ముగియలేదు. ఇంగ్లండునకు మరలి, 1839లో షెఫీల్డు ఉక్కులో మాంగనీసు కలుపు పద్ధతికి పేటెంటు పొందెను. నాసి ఇనుమునుండియు సాగుగుణముగల ఉక్కు చేయుట దానివలన సాధ్యమయ్యెను. తయారీదారులు లాభపడిరి, హీత్ మాత్రము వ్యాజ్యములలో చితికి 1851లో మరణించెను. ఈ మాంగనీసు తిరిగి తెలుగుదేశపు కథలో ప్రవేశించును గనుక ఇక్కడ దానిని గుర్తుంచుకొనవలెను.

పల్లెకొలుములు ఆరిపోయిన విధము అందరు నెరిగినదే. ఓడలలో వచ్చిన చౌక ఇంగ్లీషు కడ్డీ సంతలో దిగెను. 1882 మద్రాసు అటవీచట్టముతో బొగ్గు కాల్చుకొనుటకు అడవులు అందకుండ పోయెను. 1892లో హాలండు అను భూగర్భశాస్త్రజ్ఞుడు దక్షిణజిల్లాల ఇనుపవృత్తిని పరిశీలించి నివేదిక వ్రాయునాటికి అది క్షీణదశలో నుండెను. కెలమంగలము సీమకు ఇనుము అంతకు పూర్వము వేరొక రూపమున పరిచితము. 1799 మార్చిలో జనరల్ హారిస్ సైన్యము రాయకోట మీదుగా వచ్చి కెలమంగలము దగ్గర విడిసి, శ్రీరంగపట్టణముపైకి సాగెను. ఏప్రిలులో ఆ సైన్యముపై మైసూరువారు ప్రయోగించిన రాకెట్ల గొట్టములు చేత ఇనుముతో చేసినవే. దానిని చూచిన ఇంగ్లీషువారు వానిని తమ దేశమునకు గొనిపోయి అనుకరించిరి. మొరప్పూరునుండి ధర్మపురికి 1906లోను, అటనుండి హోసూరునకు 1913లోను వచ్చిన చిన్నపట్టాల రైలుమార్గము రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఎత్తివేయబడెను. సొంత కొలుములు ఆరిన సీమకు వచ్చిన ఆ పట్టాలును నిలువలేదు. ఇది ప్రసక్తానుప్రసక్తము.

బొగ్గు చేయు పనులు రెండు: వేడినిచ్చుట ఒకటి, ముడిలోని ప్రాణవాయువును లాగివేయుట రెండవది. ఈ రెంటిని విడదీయుటయే విద్యుత్ కొలిమి యొక్క రహస్యము. వేడి విద్యుత్తునుండి వచ్చును. బొగ్గు రెండవ పనికి మాత్రమే చాలును. విలియం సీమెన్సు 1878, 79 సంవత్సరములలో విద్యుత్ చాపముతో లోహము కరగించి చూపెను. ఇటలీలో స్టసానో 1898లో ముడిరాతినుండియే ఇనుము తీయు విద్యుత్ కొలిమికి పేటెంటు పొందెను. ఫ్రాన్సున ఎరూ కొలిమి ఉక్కు పరిశ్రమలో స్థిరపడెను. బొగ్గు లేక జలవిద్యుత్తు సమృద్ధిగా గల నార్వే, స్వీడను దేశములు ఈ విద్యను ముందుకు తెచ్చినవి.

మన పొరుగున మైసూరు సంస్థానమునకును అదే పరిస్థితి. భద్రావతి కర్మాగారము 1923లో కట్టెబొగ్గుతోనే కొలిమి వెలిగించెను. ఆ యేటనే విశ్వేశ్వరయ్యగారు దాని నిర్వహణభారము వహించిరి. జోగు జలపాతపు విద్యుత్తు వచ్చిన తరువాత, 1950వ దశకమున నార్వే పద్ధతి విద్యుత్ కొలుములు అచ్చట నెలకొన్నవి. టన్ను దుక్క ఇనుమునకు రెండువేల యూనిట్లకు పైగా విద్యుత్తు ఖర్చగును. బొగ్గు మాత్రము పోతకొలిమికి పట్టుదానిలో సగమునకు లోపే. హీత్ పరంగిపేటలో ఎదుర్కొన్న చిక్కుముడికి నూటయిరువదియేండ్ల పిమ్మట దొరికిన సమాధానమిది.

చిట్టెమునుండి లోహము రాబట్టు విద్యకు తెలుగునేలపై చక్కని ఉదాహరణము విజయనగరపు మాంగనీసు. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1890వ దశకపు తొలినాళ్లలో విజయనగరపు సీమలోనే ఆరంభమాయెను. కోడూరు గనుల శిలను పరిశీలించిన ఫెర్మర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు దానికి కోడురైటు అని పేరుంచుటచేత ఒక తెలుగుపల్లె పేరు ప్రపంచ శిలాశాస్త్రమున నిలిచినది. అరువదియేండ్లకు పైగా ఆ ముడి ఓడలకెక్కి విదేశములకే పోయెను. హీత్ ఉక్కులో ప్రవేశపెట్టిన మాంగనీసునకు తెలుగునేల ముడిసరకు నిచ్చినది గాని, పనితనమునకు పాలుపంచుకొనలేదు. 1955లో ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషను ఏర్పడి, గరివిడి చెంత శ్రీరామనగరమున విద్యుత్ కొలుములు నెలకొల్పిన తరువాత ఆ ముడి ఇచ్చటనే ఫెర్రోమాంగనీసుగా మారసాగెను.

ఈ కొలిమి పనిచేయు తీరు చూడదగినది. లావైన కర్బన ఎలక్ట్రోడులు ముడిరాయి, కోకుబొగ్గుల రాశిలో మునిగియుండును. విద్యుత్తు వాని కొనలనుండి రాశి గుండా ప్రవహించి వేడి పుట్టించును. పైకి మంట తక్కువ, లోపల ఉడుకు. అడుగున లోహము, దానిపై చిట్టెము తేరుకొనును, వేర్వేరుగా పోయుదురు. ఇనుమువలె మాంగనీసు సులభముగా లొంగునది కాదు. దాని ఆక్సైడు ప్రాణవాయువును గట్టిగా పట్టుకొని యుండును. అందుచేత ఫెర్రోమాంగనీసు చిట్టెములో నూటికి 30, 40 పాళ్ల మాంగనీసు ఆక్సైడు మిగిలిపోవుట కద్దు. పాతకాలపు ఇనుప చిట్టెమునకు ఇది తోబుట్టువే.

ఆ మిగులును పీల్చుటకు సున్నము పెంచవచ్చును. అప్పుడు చిట్టెము రాశి పెరుగును, విద్యుత్తు పెరుగును, మాంగనీసు కొంత ఆవిరైపోవును. అంతకన్న తెలివైన మార్గమొకటి యున్నది. మాంగనీసు మెండుగా మిగిలిన చిట్టెమును బుద్ధిపూర్వకముగనే అట్లు వదలి, చల్లార్చి పగులగొట్టి, రెండవ కొలిమికి ముడిగా పెట్టుదురు. పలుగురాయి, కోకు చేర్చి ఇంకను హెచ్చు వేడిలో కాచినచో, చిట్టెములోని మాంగనీసును, దానితోబాటు పలుగులోని సిలికానును ఒక్కసారే విడుదలై సిలికోమాంగనీసు అను మిశ్రలోహమగును. మొదటి కొలిమికి అడ్డమైన సిలికా రెండవ కొలిమికి సరకైనది. పైగా ఈ చిట్టెములో భాస్వరము తక్కువ. అది మొదటి కాపులోనే లోహముతో వెడలిపోయి యుండును. కనుక రెండవ లోహము కొన్ని విధముల మేలైనది. ఇందుకు విద్యుత్తు టన్నునకు సుమారు నాలుగువేల యూనిట్లు. అందుచేతనే ఈ పరిశ్రమలో చిట్టెమును వ్యర్థమనవలెనా, ముడిసరకనవలెనా అన్నది కరెంటు ధరనుబట్టి నిర్ణయమగుచుండును. కరెంటు రేటు పెరిగినప్పుడెల్ల ఇట్టి కొలుములు ఆరిపోవుటయు మనము చూచినదే.

ఇదే న్యాయము ఇతర లోహములకును వర్తించును. రాగి కొలిమి చిట్టెములో నూటికి ఒకటి రెండు పాళ్ల రాగి నిలిచిపోవును. దానిని విద్యుత్ కొలిమిలో కొంతసేపు వేడిగా నిలిపి, కోకు చేర్చినచో రాగి బిందువులు తేరుకొని అడుగునకు దిగును. తుప్పుపట్టని ఉక్కు చేయునపుడు క్రోమియము చిట్టెములోనికి పోవును. ఫెర్రోసిలికాను చల్లి దానిని తిరిగి ఉక్కులోనికి దింపుదురు. 1970 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగి, 1980వ దశకపు తొలినాళ్లలో ఉత్పత్తి ప్రారంభించిన సేలము ఉక్కు కర్మాగారమున 2010లో ఉక్కు కరగించు శాలయు ఏర్పడినది. కంజమలై ముడి పేరుతో కోరబడిన కర్మాగారమది. చివరకు అచ్చటి విద్యుత్ కొలిమి ముడిరాతిని గాక తుక్కును ప్రధానముగా కరగించునది యగుట చరిత్రలోని వింత. తుక్కు కరగించుటకు టన్నునకు 400 మొదలు 600 యూనిట్లే చాలును. 1970వ దశకమునుండి పెరిగిన హోసూరు పారిశ్రామికవాడలలో మిగిలిన తుక్కునకు, రజనుకు వెల పలుకుటకు మూలము ఈ తేడాయే.

మరి పాత కొలుముల చిట్టెమును విద్యుత్ కొలిమికి పెట్టరాదా? శాస్త్రరీత్యా పెట్టవచ్చును. సగమునకు సగము ఇనుముగల చిట్టెము నేటి గనులలోని మధ్యమరకపు ముడికి తీసిపోదు. ఇతరదేశములలో ఇట్టి పని జరిగినది కూడ. ఇంగ్లండున డీన్ అడవిలో రోమనుల కాలపు చిట్టెమును పదునేడవ శతాబ్దమున పోతకొలుములలో మరల కాచిరి. ఇటలీలో పొపులోనియా తీరమున ఎట్రుస్కనుల చిట్టెపుగుట్టలను ఇరువదవ శతాబ్దమున యంత్రములతో త్రవ్వి ఉక్కు కర్మాగారములకు తరలించిరి. ఆ త్రవ్వకమున గుట్టల అడుగునుండి రెండువేల యేండ్లకు పూర్వపు సమాధులు బయటపడెను. కాని ఏ పొరలో ఏ కాలపు చిట్టెమున్నదో చెప్పగల ఆధారము లారీలతోబాటు పోయినది.

మన సీమలో అట్టి గుట్టలు పేరుకొనలేదు. పల్లెకొలిమి చిన్నది, బొగ్గు దొరికిన చోటికి కదలిపోయెడిది. దాని చిట్టెము చేలగట్లపై, చెరువుకట్టలలో, అడవి అంచులలో పిడికెడు పిడికెడుగా చెదరిపోయినది. దానిని ఏరి కర్మాగారమునకు చేర్చు కూలియే ఇనుము వెలను మించును. పాత చిట్టెమునకు వెలకట్టినవారు వైద్యులొక్కరే. నూరేండ్లు దాటిన చిట్టెము ఉత్తమమనియు, ఎనుబదియేండ్లది మధ్యమమనియు, అరువదియేండ్లది అధమమనియు వారు తరగతులేర్పరచి, కాచి, గోమూత్రమున ముంచి, భస్మము చేసి పాండురోగమునకు వాడిరి. రక్తహీనతకు ఇనుమునే మందుగా ఇచ్చినారన్నమాట.

చరిత్రకారునకు మాత్రము ఆ పిడికెడు చిట్టెమే చాలును. దానిలోని పలుగు, ఇనుముల పాళ్లనుబట్టి ఏ రకపు ముడి వాడిరో, ఎంత వేడి పుట్టించిరో లెక్కకట్టవచ్చును. కరగి జారిన చిట్టెమునకు తాళ్లు పేనినట్టి చారలుండును. కొలిమి అడుగున నిలిచినదానికి గిన్నెరూపు వచ్చును. కాచువేళ దానిలో చిక్కుకొనిన బొగ్గుతునక యేదైన నుండెనా, అది వడ్లగింజంత యైనను, ఆ కొలిమికి కట్టెనిచ్చిన చెట్టు ఏ కాలమున పెరిగినదో కర్బనపరీక్షవలన తేలును.